కుడితి తొట్లు వద్దన్న బేరం

మార్కాపురం బజారులో నాకంటే గట్టిగా బేరమాడే మనిషి లేదని పాతవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పేరు నాకు ఊరికే రాలేదు. ఒక హోటలు కొనేటప్పుడు, గిరాకీని లోపలికి లాక్కొచ్చే వస్తువు ఏదో సరిగ్గా దాన్నే వేలు పెట్టి చూపించి, "ఇది మాకొద్దు, దీని ధర తీసెయ్" అని పట్టుబట్టి తీసేయించిన ఘనురాలిని నేను. అమ్మిన ముసలామె ఆ వస్తువును బండికెత్తించుకుని పోతుంటే, గెలిచిన సంతోషంలో ఆ పూట మా ఆయన చేత బెల్లం పాయసం కూడా చేయించాను.

హోటలు పెట్టాలని సరదాపడే పిల్లలు ఈ మధ్య నా దగ్గరికి వస్తున్నారు. పులుసులో బెల్లం ఎంత, పిండి ఎంతసేపు నానాలి అని అడుగుతారు. వంట సంగతి మా ఆయనది. నేను పొయ్యి దగ్గరికి పోతే ఆయన గరిటె చూపించేవాడు. నాకు తెలిసింది గిరాకీ. అదే చెబుతాను. లైసెన్సుల గోల, పన్నుల గోల మీకెలాగూ తప్పదు కాబట్టి వాటిని వదిలేస్తున్నాను.

బండి దిగని గిరాకీ

మద్రాసు దొరతనం రోజుల మాట. అప్పుడు మాది కర్నూలు జిల్లా. మార్కాపురం దాటి కంభం బాటలో కొంచెం దూరం పోతే ఎడమచేతి పక్కన ఒక పొడుగాటి రాతి అరుగు ఉండేది. రైలు స్టేషనులో ప్లాటుఫారం చూసి ఉంటారే, అట్లాంటిది. ఎద్దుల బండి పలక ఎంత ఎత్తుందో ఆ అరుగూ అంతే ఎత్తు. బండ్లు ఒక గేటు గుండా లోపలికి వచ్చి, అరుగు వెంబడి ఒకదాని వెనక ఒకటి ఆగేవి. బండివాడు దిగేవాడు కాదు. ఎద్దుల్ని విప్పేవాడు కాదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉంటే, మోదుగాకు విస్తరి, సంగటి ముద్ద, పులుసు అతని ముందుకే వచ్చేవి. కొమ్ముచెంబుతో నీళ్ళు దోసిట్లో పోసేవారు. తిని, మూతి తుడుచుకుని, రెండో గేటు గుండా వెళ్ళిపోయేవాడు.

గనుల నించి పలకరాయి మోసుకుని స్టేషనుకు పోయే బండ్లు, గిద్దలూరు వైపు నించి మిరపకాయలు, చెనిక్కాయలు, అదే వేరుశనగ, తెచ్చే బండ్లు, అన్నీ అక్కడ ఆగవలసిందే. మా తాతల కాలం నించీ ఉందనేవారు. దాన్ని నడిపే వెంగమ్మవ్వ ఆ వ్యాపారంలోనే ముసలిదైపోయింది.

నేను దుకాణాల మధ్య పుట్టి పెరిగినదాన్ని. మా నాయన బెల్లం, చింతపండు అమ్మేవాడు. తూకం ఆయన చూస్తే, వచ్చిన మనిషి ఎంతవరకు దిగుతాడో నేను చూసేదాన్ని. నాయన పోయాక దుకాణం మా అన్న చేతికి వచ్చింది. మా ఆయన ఆ దుకాణంలోనే గుమస్తా. బావమరిది కింద తల వంచుకుని లెక్కలు రాసే మనిషి ఇంటికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంటే మాత్రం పాట పాడేవాడు. వండుతున్నంతసేపూ పాడేవాడు. అవ్వకు మోకాళ్ళు పట్టేసి అరుగు అమ్మేస్తుందని తెలిసిన రోజు, ఆ పాట కోసమే నా చేతుల బంగారు గాజులు తీసి కుదువ పెట్టాను. ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను గానీ ఆయనతో మాత్రం "లాభం కనిపిస్తాంది" అని చెప్పాను.

మా అన్న నవ్వాడు. "పోండి, పోండి. పంటలు ఇండ్లకు చేరేలోపల తిరిగొస్తారు. గుమస్తా చోటు ఖాళీగానే పెడతా" అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

గెలిచిన బేరం

అరుగు ముందర, బండ్లు ఆగేచోట, నేలలో దిగేసిన రాతి తొట్లు ఉండేవి. ఒక్కో జత ఎద్దులకు ఒక్కో తొట్టి. అవ్వ వాటి నిండా కుడితి పోయించేది. తవుడు, గంజి, చెనిక్కాయ చెక్క కలిపిన చిక్కటి కుడితి. దానికి డబ్బులు తీసుకునేది కాదు.

నా కంటికి అవి వట్టి రాళ్ళు. ఆ స్థలం మీద నాకు వేరే ఆలోచన ఉంది. మార్కాపురం నించి గిద్దలూరుకు కొత్తగా బస్సు వేశారు. యుద్ధం వల్ల పెట్రోలు దొరక్క, వెనకాల బొగ్గు పీపా తగిలించుకుని పొగలు కక్కుకుంటూ నడిచేది. దాన్ని మా దగ్గర ఆపిస్తానని బస్సు గుమస్తా మాట ఇచ్చాడు. బస్సు దిగినవాళ్ళు ఉద్యోగస్థులు, వాళ్ళకు బల్లలు కావాలి, పైన రేకులు కావాలి. ఆ రేకుల పాక తొట్లున్న చోటే వెయ్యాలి.

"ఈ రాళ్ళు మాకేం పనికొస్తాయవ్వా? ఇవి తీసేసి చెప్పు ధర" అన్నాను.

"పిల్లా, తొట్లు..." అని ఏదో చెప్పబోయింది అవ్వ.

"తొట్లు నువ్వే తీసకపో. నేను ధరలో కోసుకుంటా."

"అది కాదే, చెప్పేది ఇను..."

"ఇన్నా. ఇంకొంచెం తగ్గించు."

అవ్వ వక్క నమిలి ఉమ్మేసి, "సరే తల్లీ, నీ ఇష్టం" అంది. ఎదుటి మనిషి అంత తొందరగా ఒప్పుకుంటే అక్కడేదో తేడా ఉందని మా నాయన నాకు చిన్నప్పుడే నేర్పాడు. ఆ రోజు నాకది గుర్తుకు రాలేదు. అవ్వ తొట్లు పెకలించి బండికెత్తించుకుని, తర్లుపాడులో ఉన్న చెల్లెలి కొడుకు ఇంటికి వెళ్ళిపోయింది.

పాకలోకి వచ్చిన బండి

పాక తెరిచే రోజు తెల్లవారుజామున గుమ్మానికి మామిడాకులు కట్టాం. నల్లమల టేకుతో చేయించిన బల్లలు వరసగా పెట్టాం. బస్సువాళ్ళ కోసం మా ఆయన గంగాళం నిండా ఉప్మా చేసి మొదటి బల్ల మీద పెట్టాడు. బస్సు లోపలికి వస్తుందని గేటు బార్లా తెరిచాం.

బస్సు రాలేదు. యేసేబు బండి వచ్చింది.

యేసేబు మాలపల్లె క్రైస్తవుడు. ఒక సావుకారు దగ్గర పలకరాయి బండి తోలేవాడు. "బండి సావుకారుది, ఎద్దులు సావుకారువి, నిద్ర ఒక్కటే నాది" అనేవాడు. అన్నట్టుగానే ఆ పొద్దు కూడా బండి మీద గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. ఎద్దులు మాత్రం మెలకువగా ఉన్నాయి. అలవాటు ప్రకారం గేటులోకి తిరిగాయి. అలవాటు ప్రకారం తొట్టి ఉండే చోటికి నడిచాయి. అక్కడ తొట్టి లేదు. మా పాక ఉంది. మామిడాకుల తోరణం కొమ్ములకు తగిలించుకుని, ఒక బల్లను పడదోసి, గంగాళంలో మూతి పెట్టేశాయి.

"ఏయ్! ఏయ్! నా ఉప్మా!" మా ఆయన గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. వెనకాల బండి చక్రం పాక గుంజకు ఇరుక్కుని, రేకులు గలగలమన్నాయి. యేసేబు ఉలిక్కిపడి లేచి, పైకి చూశాడు, నన్ను చూశాడు.

"ఏందమ్మా, నేను కన్ను మూసి తెరిచేలోపల ఇల్లు కట్టినావా?"

అప్పుడు వచ్చింది బస్సు. దిగిన పెద్దమనుషులు గుమ్మంలోనే నిలబడి ఆ వైభవం చూశారు. అందులో ఒకాయన పంచె సర్దుకుంటూ, "తొందరేం లేదమ్మా. ఎద్దులు లేచినాక కూర్చుంటాం" అన్నాడు. అందరూ నవ్వుకుంటూ మళ్ళీ బస్సెక్కారు.

నాకూ నవ్వొచ్చింది. మొదటి రోజు కదా అనుకున్నాను. నవ్వు తగ్గింది తరవాత రోజుల్లో. బస్సు ఒక పొద్దు వస్తే ఇంకో పొద్దు ఎక్కడో బొగ్గు చల్లారి నిలిచిపోయేది. వచ్చినా, అందులో సగం మంది బయటి తిండి ముట్టనివాళ్ళు, గుడ్డలో మూటగట్టి తెచ్చుకునేవాళ్ళు. బండ్ల ఎద్దులేమో గేటు ముందు ఒక్క క్షణం తల తిప్పి, తొట్టి కనపడక, ముందుకు సాగిపోయేవి.

దిగమనేవాడు లేని చోటు

నేను గేటు దగ్గర నిలబడి పిలవడం మొదలుపెట్టాను. "రాండి, లోపల బల్లలుండాయి, నీడ ఉంది, దిగి కాళ్ళు చాపుకుని తినండి!"

పుల్లారెడ్డి అనే రైతు సొంత బండి మీద సొంత చెనిక్కాయలు తోలుకుని పోయేవాడు. మంచి మనిషి. బండి ఆపి, గొంతు తగ్గించి చెప్పాడు. "చెల్లెమ్మా, బండి మీద తింటే నా బండి మీద నేను తిన్నట్టు. నీ బల్ల కాడ కూసుంటే ఇంకొకరి పంక్తిలో కూసున్నట్టు. పక్కన ఎవురుండారని మా ఊళ్ళో అడిగితే ఏం జెప్పాల?"

"పక్కన ఎవరుంటారన్నా, యేసేబు. రోజూ నీ వెనక బండే గదా? మీరిద్దరూ పొగాకు పంచుకుంటారు గదా?"

"అది బండి మీద" అన్నాడు రెడ్డి. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదన్నట్టు ఎద్దుల్ని అదిలించాడు.

మర్నాడు యేసేబును ఆపాను. "నువ్వన్నా రా యేసేబూ. డబ్బులు తరవాత ఇద్దువు."

"డబ్బుల్లేక గాదమ్మా." అతను పగ్గం చేతికి చుట్టుకున్నాడు. "ఈ బండి నాది గాదు, నిజమే. గానీ దీని మీద కూసున్నంతసేపు నన్ను దిగమనేటోడు లేడు. నీ పాకలోకి వస్తే యాడ కూసోవాల్నో నేను ముందు అందరి మొహాలు చూడాల. ముద్ద నోట్లోకి పోతదా?"

అతను తప్పు పట్టలేదు, ఉన్నది చెప్పాడు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇది బాగా వినాలి. వెంగమ్మవ్వ సంస్కర్త కాదు. ఎవరికీ నీతులు చెప్పలేదు. రెడ్డిని, మాలను, తురకను ఒక చోట తినిపించడం ఎట్లా అని ఊళ్ళు తలలు బద్దలు కొట్టుకునే రోజుల్లో, ఎవరి బండి వాళ్ళ ఇల్లు అని పెట్టి, అందరికీ అదే ముద్ద, అదే పులుసు, అదే చెంబు నీళ్ళు పోసింది. దానికి సమానత్వం అని పేరు పెట్టి నేను మిమ్మల్ని మభ్యపెట్టను. అది ఒక ఉపాయం. కానీ ఆ ఉపాయంలో ఒక మనిషి తల దించుకోకుండా కడుపు నింపుకున్నాడు. నేను కట్టిన అందమైన పాకలో అది కుదరలేదు.

అప్పటికి చెనిక్కాయలు కళ్ళాల మీదికి వచ్చాయి. గుమస్తా చోటు ఇంకా ఖాళీగానే ఉందని మా అన్న కబురు పంపాడు. మా ఆయన పొయ్యి దగ్గర పాడటం మానేశాడు. ఒక పొద్దు, వండినదంతా మిగిలిపోతే, గంగాళం ముందు కూర్చుని అన్నాడు.

"తొట్లు తెచ్చుకుందాం."

"ఏ మొహం పెట్టుకుని అడగను?"

"మొహమెందుకు? నోరు చాలు. అది నీకుంది గదా."

తర్లుపాడు బాటలో

బేరానికి వట్టి చేతులతో పోకూడదు. టేకు బల్లలన్నీ యేసేబు బండికెత్తించి, వాటి పైన నేనెక్కి కూర్చున్నాను. ఊరేగింపులో దేవుడిలా అంత ఎత్తున కూర్చుని పోతుంటే, పొలాల్లో వాళ్ళు పని ఆపి చూశారు. ఆడమనిషి ఒంటరిగా అట్లా పోవడమేమిటని మా అన్న తరవాత గొడవ చేశాడు. ఆ రోజు మా ఆయన పాక విప్పే పనిలో ఉన్నాడు. నాకు ఆగే ఓపిక లేదు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. హడావుడిలో పొద్దున ఏమీ తినలేదు. మూట కూడా కట్టుకోలేదు. హోటలు యజమానురాలికి ఆకలి! యేసేబు చెట్టు నీడన బండి ఆపి, గుడ్డ మూట విప్పి, మర్యాదగా నాకు వీపు తిప్పి కూర్చున్నాడు. వాసన మాత్రం తిరిగి నా వైపే వచ్చింది.

"ఏం తెచ్చుకున్నావు యేసేబూ?"

"కొర్ర సంగటి, గోంగూర కారం. మా ఇంటిది చేసింది." తల తిప్పకుండానే, "ఏందమ్మా, బేరమాడేట్టుండావే" అన్నాడు.

"ఆడితే?"

అతను వెనక్కి తిరిగాడు. మొహంలో నవ్వు లేదు. "ఇది నువ్వాడే బేరం గాదు తల్లీ."

"నేనిప్పుడు యాడుండాను? బండి మీద. బండి మీదున్నోళ్ళని అవ్వ ఏమని అడిగేది?"

"ఒక ముద్దా, రెండా అని."

"అయితే అడుగు."

ఎద్దు తల విదిలిస్తే మెడ గంట మోగింది. యేసేబు రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. నా కోసమే చూశాడు, అతని కోసం కాదు. తరవాత మెల్లగా, "ఒక ముద్దా, రెండా?" అన్నాడు.

"ఒకటి."

మోదుగాకు కోసుకొచ్చి, దాని మీద పెట్టి, బల్లల అంచు మీదికి జరిపాడు. తిన్నాను. గోంగూర కారానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వృత్తి ధర్మం ఊరుకోనివ్వదు కదా, "ఉప్పెక్కువైంది" అన్నాను.

"బిల్లు కట్టేటోళ్ళు చెప్పాల ఆ మాట" అన్నాడు యేసేబు. ఇద్దరం ఎద్దులు బెదిరేంత నవ్వాం.

కొసరు

అవ్వ వసారాలో గోడకు ఆనుకుని ఉంది. తొట్లు పెరట్లో ఉన్నాయి. బర్రెలు తాగుతున్నాయి.

"ఏం పిల్లా, రాళ్ళ కోసరం వచ్చినావా?"

"రాళ్ళే గదవ్వా. నీకు మాత్రం ఏం పనికొస్తాయి?"

"నాకేం పనికొస్తాయి? బర్రెలకు పనికొస్తాండాయి. బర్రెల్ని అడుగు, ఇస్తాయేమో."

నా రక్తం ఉరకలు వేసింది. ఇన్నాళ్ళకు సమానమైన మనిషి ఎదురుపడింది! బల్లల గొప్ప చెప్పాను, టేకు పేరు చెప్పాను, తొట్టికి ఉన్న పగులు చూపించాను. అవ్వ దేనికీ కదల్లేదు. చివరికి ఒక బల్ల దింపించి, దాని మీద వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుంది. ప్రాణం పోయిందేమోనని భయపడ్డాను.

"నడుముకు సుఖంగుంది" అంది కళ్ళు తెరవకుండా. "అన్నీ దించు. తొట్లు ఎత్తుకపో."

"అన్నీనా? ఒక బల్ల మిగిలియ్యవ్వా."

"నీకెందుకు బల్ల? నీ గిరాకీ కూసోనే కూసోదు గదా."

అన్నీ దించేశాను. నా జీవితంలో అంత అన్యాయంగా ఓడింది లేదు, అంత ఆనందంగా ఓడిందీ లేదు. కానీ అలవాటు ఊరుకోదు. "కొసరన్నా ఇయ్యి" అన్నాను.

"కుడితిలో గుప్పెడు ఉప్పు, నాలుగు పత్తిగింజలు వెయ్యి. వెచ్చగుండాల. అదే కొసరు."

"అవ్వా, ఆ రోజే తొట్ల సంగతి చెప్పకూడదా?"

"యాడ చెప్పనిచ్చినావే? నోరు తెరిచినప్పుడల్లా ధర తగ్గిస్తివి. ఇంకో మాట జెప్పింటే అరుగు నీకు ఊరికే ఇచ్చి పోవాల్సొచ్చేది!"

తొట్లు పీకిన గుంతల్ని పూడ్చిన గుర్తులు పాక కింద నేలలో ఇంకా తెలుస్తున్నాయి. మట్టి తవ్వి తీసి, ఆ గుంతల్లోనే వాటిని మళ్ళీ దించాం. అప్పుడు గమనించాను. తొట్టి దగ్గర ఎద్దు మూతి ఆగితే, బండి సరిగ్గా అరుగు పక్కకు వస్తుంది. అంత కొలత పెట్టి వేసినవాటిని నేను రాళ్ళన్నాను.

తెల్లవారుజామున వెచ్చటి కుడితి పోసి, నేనే అరుగెక్కి నిలబడ్డాను. బాట మీద గంటల చప్పుడు. మొదటి బండి గేటు దాకా వచ్చింది. ఎద్దులు తల ఎత్తి వాసన చూశాయి. ముక్కులు ఎగరేశాయి. తిరిగాయి! బండివాణ్ణి అడగకుండా, పరుగులాంటి నడకతో వచ్చి తొట్లో మూతులు ముంచాయి. ఆ కుదుపుకి పుల్లారెడ్డి లేచాడు.

"ఏం చెల్లెమ్మా, ఇల్లేమాయె?"

"బేరానికి పోయిందన్నా. ఒక ముద్దా, రెండా?"

రెడ్డి వెనకే యేసేబు బండి ఆగింది. పొగాకు ఈ బండి నించి ఆ బండికి పోయింది. యేసేబు ముద్ద విరిచి, నోట్లో పెట్టుకుని, అందరికీ వినపడేలా అన్నాడు. "ఉప్పెక్కువైంది."

"నాకు సరిపోయిందే!" అన్నాడు రెడ్డి.

"నేను బిల్లు కట్టేటోణ్ణి రెడ్డీ, నేను జెప్తా."

నేను పులుసు గరిటె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. ఎందుకో రెడ్డికి అర్థం కాలేదు. వెనకాల పొయ్యి దగ్గర మా ఆయన పాట ఎత్తుకున్నాడు.

ఆఖరి బిల్లు

మీకిప్పుడు ఎద్దులు లేవు, లారీలున్నాయి. లారీకి నీళ్ళు ఎక్కడ, నీడ ఎక్కడ అని ముందు చూడండి. మనిషి దాని వెనకే వస్తాడు. వచ్చిన మనిషిని ఎక్కడ కూర్చోబెడితే ముద్ద దిగుతుందో అది అతన్ని అడిగి తెలుసుకోండి, మీ అంతట మీరు పాక కట్టకండి. నేను చెప్పే పాఠం ఇంతే.

ఇక లెక్క. పోయినవి: గాజులు, బల్లలు, ఒక గంగాళం ఉప్మా, నాకంటే గట్టి బేరగాళ్ళు లేరన్న పొగరు. గాజులు కొన్నేళ్ళకు తిరిగి వచ్చాయి, పొగరు తిరిగి రాలేదని నేనంటాను, మా ఆయన ఒప్పుకోడు. వచ్చినవి: లారీలు వచ్చేదాకా నడిచిన అరుగు, ఒక మనిషి పాట, అన్న దుకాణంలో ఖాళీగానే ఉండిపోయిన గుమస్తా చోటు. రాయవలసింది ఇంకొకటి ఉంది. యేసేబు చివరిదాకా బండి మీదే తిన్నాడు. అరుగెక్కి కూర్చోమని నేను పిలవలేదు, అతను అడగలేదు. తర్లుపాడు బాటలో నేను తిన్న ముద్ద సంగతి మా ఆయనకు తప్ప మా వాళ్ళెవరికీ చెప్పలేదు.

ఆ ముద్దకు బిల్లు ఎంతని ఆ రోజే అడిగాను. ఎవరి దగ్గరా ఊరికే తినడం మా ఇంటా వంటా లేదు. యేసేబు ఎద్దుల వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"కుడితికి అవ్వ ఎంత తీసుకునేదో అంతియ్యమ్మా" అన్నాడు.

నేను బేరమాడకుండా ఒప్పుకున్న ధర అదొక్కటే.